ఇంట్లో నెట్‌వర్క్ స్విచ్ పెడుతున్నారా? ఏ వైరు ఎక్కడ పెట్టాలి, స్పీడ్ ఎక్కడ తగ్గుతుంది?

మా ఇంట్లో 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్ ఉంది. కానీ పై అంతస్తులో నా టేబుల్ దగ్గర స్పీడ్ టెస్ట్ చేస్తే వచ్చేది 94. పొద్దున చూసినా 94, అర్ధరాత్రి చూసినా 94. నాలుగు నెలల పాటు కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేసి గొడవ పడ్డాను. చివరికి వాళ్ల టెక్నీషియన్ ఇంటికొచ్చాడు. కింద హాల్లో ఉన్న ఫైబర్ బాక్సుకి తన ల్యాప్‌టాప్ పెట్టి చూపిస్తే 300 పైనే వచ్చింది. "లైను బాగానే ఉంది సార్, పైకెళ్లే వైరు చూసుకోండి" అని వెళ్లిపోయాడు.

అతను చెప్పిందే నిజం. గోడలోంచి పైకి వచ్చే కేబుల్ చివర, కనెక్టర్‌లో ఒక్క తీగ సరిగ్గా తగల్లేదు. అంటే నాలుగు నెలలు 300కి డబ్బులు కట్టి మూడో వంతు కూడా వాడుకోలేదన్నమాట.

స్విచ్ కనెక్ట్ చేయడం ఐదు నిమిషాల పని. అది నిజంగా పూర్తి స్పీడుతో నడుస్తోందో లేదో చూసుకోవడం మాత్రం చాలామంది చేయరు, నాలాగే. ఈ ఆర్టికల్‌లో రెండూ చూద్దాం.

స్విచ్ ఏం చేస్తుంది?

రౌటర్ మీ ఇంటిని ఇంటర్నెట్‌కి కలుపుతుంది, ఇంట్లో ప్రతి డివైస్‌కి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. స్విచ్‌కి ఆ పనులేవీ రావు. ఏ పోర్టు వెనక ఏ డివైస్ ఉందో వాటి మ్యాక్ అడ్రస్ చూసి గుర్తు పెట్టుకుంటుంది, దేనికి రావాల్సిన డేటా దానికే పంపిస్తుంది. అంతే. అందుకే మామూలు స్విచ్‌కి సెట్టింగ్స్ ఉండవు, యాప్ ఉండదు. ఇలాంటి వాటిని అన్‌మేనేజ్డ్ స్విచ్ అంటారు. ఇంటికి ఇవి చాలు.

చాలామందికి ఒక అనుమానం ఉంటుంది: ఐదు పోర్టులుంటే స్పీడ్ ఐదు భాగాలవుతుందా అని. అవ్వదు. గిగాబిట్ స్విచ్‌లో ప్రతి పోర్టుకీ విడిగా 1 జీబీపీఎస్ ఉంటుంది. పంచుకోవాల్సింది ఒక్కటే, రౌటర్ నుంచి స్విచ్‌కి వచ్చే ఆ ఒక్క కేబుల్. ఇంటర్నెట్‌కి వెళ్లే ట్రాఫిక్ అంతా దాని మీదే పోవాలి. అదే స్విచ్‌లో పక్కపక్కనే ఉన్న పీసీ నుంచి ఎన్‌ఏఎస్‌కి ఫైల్ కాపీ చేస్తే ఆ డేటా రౌటర్ దాకా వెళ్లదు, స్విచ్‌లోనే తిరిగిపోతుంది.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో వంద, రెండొందలకి "ల్యాన్ స్ప్లిటర్" అని వై ఆకారంలో చిన్న ముక్క అమ్ముతుంటారు. పవర్ అడాప్టర్ అక్కర్లేదు కదా అని కొనేస్తారు. అది స్విచ్ కాదు. రెండు డివైస్‌లు పెడితే ఒక సమయంలో ఒకటే పని చేస్తుంది. ఆ డబ్బులు దండగ.

వరుస ఇదీ

ఫైబర్ బాక్సు, దాని తర్వాత రౌటర్, ఆ తర్వాత స్విచ్, దానికి మిగతా డివైస్‌లు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఫైబర్ బాక్సు, రౌటర్ రెండూ ఒకే డబ్బాలో వస్తున్నాయి. అలాంటప్పుడు ఆ డబ్బా వెనక ల్యాన్ అని రాసి ఉన్న పోర్టు నుంచి స్విచ్‌లో ఏదో ఒక పోర్టుకి కేబుల్ పెట్టండి. ఏ పోర్టైనా పర్వాలేదు. మిగిలిన పోర్టులకి టీవీ, పీసీ, గేమింగ్ కన్సోల్, కెమెరా రికార్డర్ పెట్టుకోవచ్చు.

పాత పుస్తకాల్లో స్విచ్ నుంచి స్విచ్‌కి క్రాస్ఓవర్ కేబుల్, మిగతా వాటికి స్ట్రెయిట్ కేబుల్ అని ఉంటుంది. పరీక్షలో మేమూ అదే రాశాం. ఇప్పుడు దాని అవసరం లేదు. ఈ కాలపు గిగాబిట్ పోర్టులు అవతల ఏముందో చూసుకుని వాటంతటవే సర్దుకుంటాయి. అన్నిచోట్లా మామూలు స్ట్రెయిట్ కేబులే వాడండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫైబర్ బాక్సుకి నాలుగు ల్యాన్ పోర్టులుంటే అవన్నీ ఒకటే స్పీడని అనుకోకండి. కొన్ని మోడళ్లలో ఒక్కటే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్. స్విచ్‌ని ఆ గిగాబిట్ పోర్టుకే పెట్టాలి. రెండోది, ఇంటర్నెట్ కోసం ఉన్న వాన్ పోర్టుని స్విచ్‌కి పెట్టకండి. స్విచ్ వెళ్లాల్సింది ల్యాన్ వైపే.

94 అనే అంకె ఏం చెప్తుంది?

100 ఎంబీపీఎస్ లింక్ మీద స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ 100 చూపించదు. ప్రతి ప్యాకెట్‌కీ ముందూ వెనకా ఉండే అదనపు సమాచారం కొంత తినేస్తుంది, 94, 95 దగ్గర ఆగుతుంది. 1 జీబీపీఎస్ లింక్ అయితే 940 దగ్గర ఆగుతుంది. కాబట్టి మీ ప్లాన్ 200 అయినా 500 అయినా, స్పీడ్ ఎప్పుడూ 94 దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతోందంటే దారిలో ఎక్కడో ఒక ముక్క 100 ఎంబీపీఎస్‌లో నడుస్తోందని దాదాపు ఖాయం. కంపెనీ వైపు సమస్య అయితే స్పీడ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఇలా ఒకే అంకె దగ్గర నిలబడదు. ఇది ముందే తెలిసుంటే నేను ఒక్క ఫోన్ కూడా చేసేవాణ్ని కాదు.

100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌కి కేబుల్‌లో ఉన్న నాలుగు జతల్లో రెండు జతలే చాలు. 1, 2, 3, 6 పిన్‌లకి వెళ్లే తీగలు. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. ఒక్కటి తగలకపోయినా చాలా డివైస్‌లు గొడవ చేయకుండా 100కి దిగిపోయి పని చేసుకుంటాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు. మా కేబుల్‌లో సరిగ్గా తగలనిది ఏడో పిన్, వైట్ బ్రౌన్ తీగ. ఇంతకుముందు మాది 100 ఎంబీపీఎస్ ప్లానే. అప్పుడు ఈ లోపం ఉన్నా బయటపడే అవకాశమే లేదు.

లింక్ ఎంతలో ఉందో చూడటం తేలిక. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్‌లోకి వెళ్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. 1000/1000 ఉంటే సరే, 100/100 ఉంటే కేబుల్ గానీ పోర్టు గానీ చూడాలి. లైనక్స్‌లో ఈథ్‌టూల్ కమాండ్ చెప్తుంది. చాలా స్విచ్‌ల మీద లైట్లు కూడా చెప్తాయి, కానీ ఏ రంగుకి ఏ స్పీడనేది కంపెనీని బట్టి మారుతుంది, డబ్బాలో వచ్చిన కాగితం చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ చూపించేది స్విచ్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉన్న లింక్ మాత్రమే. నా ల్యాప్‌టాప్ 1000 అనే చూపించింది. తప్పు దానికి వెనక, స్విచ్‌కీ రౌటర్‌కీ మధ్యలో ఉంది. అందుకే ఒక్కో ముక్కనీ విడిగా చూడాలి. కింద నుంచి వచ్చే కేబుల్‌ని స్విచ్‌లోంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. 100/100 అని వచ్చింది. దొంగ దొరికాడు.

టీవీ విషయంలో మాత్రం కంగారు పడకండి. ఖరీదైన 4కె టీవీల్లో కూడా చాలావాటికి ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. అది కేబుల్ తప్పు కాదు. 4కె సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, కాబట్టి నష్టం లేదు.

కేబుల్ కొనేటప్పుడు

గిగాబిట్‌కి క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల వరకు. అయినా కొత్తగా గోడలో వేయిస్తుంటే క్యాట్ 6 వేయించండి, గోడ మళ్లీ మళ్లీ పగలగొట్టలేం కదా. క్యాట్ 6 మీద సుమారు 50 మీటర్ల లోపు 10 జీబీపీఎస్ కూడా వెళ్తుంది. మామూలు ఇంట్లో ఏ కేబులూ అంత పొడవు ఉండదు. అంతకు మించిన క్యాటగిరీలు ఇంటికి అనవసరం.

క్యాటగిరీ కంటే ముఖ్యంగా చూడాల్సింది లోపలి లోహం. మార్కెట్లో చవగ్గా దొరికే చాలా కేబుళ్లలో ఉండేది పూర్తి రాగి కాదు, పైన రాగి పూత పూసిన అల్యూమినియం. దీన్ని సీసీఏ అంటారు. ఈథర్నెట్ కేబుల్ ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. కరెంటు సరిగ్గా పోదు, రెండుసార్లు వంచితే తీగ తెగుతుంది, కెమెరాలకి పవర్ కూడా దీని మీదే పంపితే వేడెక్కుతుంది. పైన క్యాట్ 6 అని ముద్ర ఉన్నా నమ్మకండి. ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే సీసీఏ. బండిల్ చేతిలో పట్టుకున్నా తేడా తెలుస్తుంది, అనుమానం వచ్చేంత తేలిగ్గా ఉంటుంది. కొనేటప్పుడు "ప్యూర్ కాపర్ కావాలి, బిల్లు మీద రాయండి" అని అడగండి.

గోడలోపల వేసేది సాలిడ్ కాపర్ ఉండాలి. గోడ సాకెట్ నుంచి డివైస్‌కి పెట్టుకునే చిన్న ప్యాచ్ కార్డు మాత్రం రెడీమేడ్‌ది కొనుక్కోవడమే మంచిది.

క్రింపింగ్: ఎనిమిది లైట్లు వెలిగినా నమ్మకండి

బీటెక్‌లో ఓఎస్ఐ లేయర్లు ఏడూ అప్పజెప్పాను కానీ, ఒక్క కనెక్టర్ కూడా చేత్తో క్రింప్ చేయలేదు. కాబట్టి పాత కనెక్టర్ కోసేసి కొత్తది వేద్దామని కూర్చున్నప్పుడు రెండో తప్పు నేనే చేశాను. జతలన్నీ పక్కపక్కనే ఉంటే చక్కగా ఉంటుంది కదా అని వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్ అని పెట్టేశాను. రెండు చివర్లా అదే వరుస. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరుసగా వెలిగాయి. స్విచ్‌కి పెడితే మాత్రం లింక్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అంతకుముందు 94 అయినా నికరంగా వచ్చేది!

కారణం ఇదీ. కేబుల్‌లో ప్రతి జతనీ మెలితిప్పేది ఊరికే కాదు. ఒక తీగ మీద పడే అల్లరి సిగ్నల్ రెండో తీగ మీదా అంతే పడాలి, అప్పుడు అవతలి చివర దాన్ని తీసేయొచ్చు. ఈథర్నెట్ వాడే జతలు 1-2, 3-6, 4-5, 7-8. చూడండి, మూడో పిన్‌కి జత నాలుగు కాదు, ఆరు. నేను పెట్టిన వరుసలో మూడులో వైట్ గ్రీన్, ఆరులో బ్లూ పడ్డాయి. ఆ రెండూ ఒకే మెలికలో లేవు. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు, మూడొందల టెస్టర్ తీగ ఈ చివర నుంచి ఆ చివరకి చేరిందా అనే చూస్తుంది, ఏ తీగతో మెలితిరిగి వచ్చిందో దానికి తెలియదు. చిన్న కేబుల్ అయితే ఈ తప్పుతోనూ నడిచిపోవచ్చు. మాది దాదాపు పాతిక మీటర్లు, నడవలేదు.

సరైన వరుస, క్లిప్పు కిందికి పెట్టి తీగలు లోపలికి వెళ్లేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి:

1. వైట్ ఆరెంజ్
2. ఆరెంజ్
3. వైట్ గ్రీన్
4. బ్లూ
5. వైట్ బ్లూ
6. గ్రీన్
7. వైట్ బ్రౌన్
8. బ్రౌన్

దీన్ని టీ568బీ అంటారు. ఆరెంజ్, గ్రీన్ జతలు తారుమారు చేస్తే టీ568ఏ. ఏదైనా పర్వాలేదు, రెండు చివర్లా ఒకటే ఉండాలి. మెలికలు మాత్రం అరంగుళం కంటే ఎక్కువ విప్పకండి. తీగలన్నీ కనెక్టర్ ముందు గోడకి ఆనాయో లేదో క్రింప్ చేసే ముందే వెలుతురులో చూడండి. మా వైట్ బ్రౌన్ తీగ ఆగిపోయింది అక్కడే, రెండు మిల్లీమీటర్ల దూరంలో.

కెమెరాలుంటే పీఓఈ స్విచ్

సీసీ కెమెరాకి డేటా, పవర్ రెండూ ఒకే కేబుల్‌లో పంపేదే పీఓఈ. 802.3ఏఎఫ్ అయితే ఒక్కో పోర్టుకి 15.4 వాట్లు, 802.3ఏటీ అయితే 30 వాట్లు. డివైస్ దగ్గరికి చేరేసరికి వీటిలో కొంత తగ్గుతుంది. ఈ ప్రమాణాలు పాటించే స్విచ్, అవతల పీఓఈ డివైస్ ఉందో లేదో ముందు పరీక్షించి తర్వాతే పవర్ ఇస్తుంది. కాబట్టి టీవీ, ల్యాప్‌టాప్ పెట్టినా భయం లేదు. "ప్యాసివ్ పీఓఈ" అని ఉన్నవి మాత్రం ఏ పరీక్షా లేకుండా పవర్ పంపేస్తాయి. వాటికి వేరే డివైస్ పెట్టకండి.

పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం పవర్ బడ్జెట్ చూడండి. 8 పోర్టులున్నా బడ్జెట్ 65 వాట్లే అయితే, ఒక్కోటి 7 వాట్లు తీసుకునే కెమెరాలు ఎనిమిదికి 56, సరిపోతుంది. 10 వాట్లవి అయితే సరిపోదు. కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడగానే రీస్టార్ట్ అవుతోందంటే ఇదే కారణం కావచ్చు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు పవర్ ఎక్కువ లాగుతుంది.

కెమెరాల కోసమని అమ్మే చవక పీఓఈ స్విచ్‌లు చాలావరకు 100 ఎంబీపీఎస్‌వే. కెమెరాలకి అది చాలు. కానీ అదే స్విచ్ మీదుగా పీసీకి నెట్ తీసుకుంటే మళ్లీ 94 దగ్గర ఇరుక్కుంటారు. కొన్నిటి మీద "ఎక్స్‌టెండ్" అని చిన్న బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కెమెరా పోర్టులు 10 ఎంబీపీఎస్‌కి పడిపోతాయి. బాగా దూరంలో ఉన్న కెమెరాకి తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

ఖాళీ వైరు ఖాళీగానే ఉండనివ్వండి

ఒకరోజు సాయంత్రం మా టీమ్ రిలీజ్ నడుస్తోంది. డిప్లాయ్‌మెంట్ మధ్యలో ఉండగా నా కాల్ తెగిపోయింది. వైఫై, కెమెరాలు, టీవీ, ఇల్లంతా ఒక్కసారి పడిపోయింది. కింద నుంచి నాన్న "ఏరా, నెట్ పోయిందా?" అని అడిగారు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఎలాగో గట్టెక్కాను. తర్వాత చూస్తే స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. నాన్న గది సర్దుతూ, స్విచ్ నుంచి వేలాడుతున్న ఒక కేబుల్ కొస చూసి "ఊడిపోయిందేమో" అని అదే స్విచ్‌లో ఇంకో పోర్టుకి గుచ్చారు. పాపం, సాయం చేద్దామనే.

దీన్ని లూప్ అంటారు. ఇంట్లో డివైస్‌లు అప్పుడప్పుడు అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ సందేశాలు పంపుతాయి. స్విచ్ వాటిని అన్ని పోర్టులకీ పంపుతుంది. లూప్ ఉంటే పంపింది మళ్లీ తన దగ్గరికే వస్తుంది, మళ్లీ పంపుతుంది. ఐపీ ప్యాకెట్‌కి ఇన్ని రౌటర్లు దాటితే చచ్చిపోవాలని లెక్క ఉంటుంది, ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అలాంటి లెక్క లేదు. ఆగదు. క్షణాల్లో నెట్‌వర్క్ అంతా నిండిపోతుంది.

దీనికి మందు రేడియా పెర్ల్‌మన్ 1985లో కనిపెట్టిన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. లూప్ కనిపిస్తే ఒక దారిని అదే మూసేస్తుంది. ఆఫీసుల్లో వాడే మేనేజ్డ్ స్విచ్‌లలో ఇది ఉంటుంది. మన ఇంట్లో పెట్టుకునే చవక స్విచ్‌లలో సాధారణంగా ఉండదు. కాబట్టి రెండు స్విచ్‌ల మధ్య ఒక్క కేబులే ఉండాలి. స్పీడ్ పెరుగుతుందని రెండోది పెట్టారంటే అదీ లూపే. ఇల్లంతా నెట్ ఒకేసారి పోయి స్విచ్ లైట్లు అన్నీ కలిసి కొట్టుకుంటుంటే ఒక్కో కేబుల్ తీస్తూ చూడండి. ఏది తీయగానే శాంతిస్తాయో అదే కారణం. వాడని కేబుళ్లని రెండు వైపులా పూర్తిగా తీసేయండి, ఉన్నవాటికి చిన్న స్టిక్కర్ మీద పేరు రాసి అతికించండి.

కరెంటు, పిడుగు, యూపీఎస్

ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి: ల్యాన్ కేబుల్‌కి వేరే పైపు. 230 వోల్టుల వైర్లున్న పైపులోనే దీన్నీ లాగేయడం మన దగ్గర మామూలే. కానీ అక్కడ ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రమాదం మీ స్విచ్‌కే కాదు, మీకూ. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పొడుగునా తీసుకెళ్లకండి.

డాబా మీద కెమెరాకి, పక్క బిల్డింగ్‌కి వెళ్లే రాగి కేబుళ్లతో పిడుగుల భయం ఉంది. నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా పోర్టులు కాలిపోతాయి. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి అయితే ఫైబరే మంచిది, అందులోంచి కరెంటు పోదు.

కరెంటు పోయినా నెట్ ఉండాలని రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకుంటే స్విచ్‌కి కూడా పెట్టాలి, లేదంటే పైన నెట్ రాదు. అయితే స్విచ్ అడాప్టర్ ఎన్ని వోల్టులో చూడండి. 5 వోల్టులవీ 9 వోల్టులవీ ఉన్నాయి. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టులది గుచ్చితే స్విచ్ పోతుంది.

పెట్టాక ఒక్కసారి ఇవి చూసుకోండి

1. స్విచ్ కేబుల్ రౌటర్‌లోని గిగాబిట్ ల్యాన్ పోర్టుకే ఉందా?
2. ప్రతి కేబుల్‌నీ విడిగా ల్యాప్‌టాప్‌కి పెట్టినప్పుడు లింక్ స్పీడ్ 1000 చూపిస్తోందా?
3. తీగ గీకితే లోపలా రాగి రంగే ఉందా?
4. రెండు స్విచ్‌ల మధ్య ఒక్కటే కేబుల్ ఉందా?
5. పీఓఈ అయితే కెమెరాల వాట్లన్నీ కలిపినా బడ్జెట్ దాటలేదు కదా?

కనెక్టర్ సరైన వరుసలో మళ్లీ వేశాక పైన కూడా 300 వచ్చింది. "ఏం మార్చావురా, కొత్త బాక్సు కొన్నావా?" అని నాన్న అడిగారు. మార్చింది పది రూపాయలు కూడా చేయని కనెక్టర్. కాబట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే ముందు ఒక్కసారి ఆ లింక్ స్పీడ్ చూడండి.